ధమ్మ పాఠం: ఐదో శీలం – రెండు జబ్బులున్న మనిషి



ఆదివారం వందనలో పంచశీల చెప్పుకునేటప్పుడు ఐదో శీలం దగ్గరికొచ్చేసరికి కొందరి గొంతు తగ్గిపోతుంది. మీరూ గమనించే ఉంటారు. అలా గొంతు తగ్గినవాళ్ళలో, అసలు వందనకే రావడం మానేసినవాళ్ళలో, తాగుడుతోపాటు మనసు జబ్బు కూడా ఉన్నవాళ్ళు ఉంటారు. ఈ పాఠం వాళ్ళ గురించి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మా పేటలో కొబ్బరి దింపులకు వెళ్ళే కుర్రాడొకడు రోజూ తాగేవాడు. ఎవరూ లేకపోయినా తనని ఎవరో తిడుతున్నట్టు వినపడుతోందనేవాడు. "ఆ మాటలు వినపడకుండా ఉండాలంటే తాగాలన్నయ్యా" అని నాతోనే అన్నాడు. నేను చెవిన పెట్టలేదు. "ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నావు కదా, మానేసి అప్పుడు విహారానికి రా" అన్నాను. వాడికి రోషం వచ్చి ఒక్కసారిగా మానేశాడు. మర్నాటికి చేతులు వణికాయి. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు గోడ మీద పాములున్నాయని అరిచాడు. "గాలి సోకింది బాబూ" అని వాళ్ళమ్మ ఏడుస్తోంది, తాయెత్తు కోసం ఒకాయన బయల్దేరాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం కాబట్టి మనిషి దక్కాడు.

అది గాలీ కాదు, చేతబడీ కాదు. చాలాకాలంగా బాగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే మానడం డాక్టరు చూపులో జరగాలి. బి1 విటమిను ఇంజెక్షను, వణుకు తగ్గించే మందులు ఇచ్చి కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉంటారు. "మగాడివైతే ఈ రోజే మానెయ్" అని సవాలు చేసే మనలాంటివాళ్ళకి ఇది తెలియాలి.

మరి ధమ్మం ఏమంటోంది? మద్యం తాగకూడదన్న నియమం భిక్ఖువులకు ఎలా వచ్చిందో వినయ పిటకంలో ఉంది. సాగతుడనే భిక్ఖువుకి కోసంబి జనం అభిమానంతో ఇంటింటా మద్యం పోశారు. ఆయన నగర ద్వారం దగ్గర పడిపోయాడు. అటుగా వచ్చిన బుద్ధుడు ఆయన్ని అక్కడే వదిలెయ్యమనలేదు, ఎత్తుకుని రమ్మన్నాడు. పడుకోబెడితే మత్తులో పొర్లి బుద్ధుడి వైపే కాళ్ళు చాపాడు. అప్పుడు నియమం పెట్టారు. సాగతుణ్ణి మాత్రం సంఘం నుంచి వెళ్ళగొట్టలేదు. తర్వాత ఆయన అరహంతుడయ్యాడని మన సంప్రదాయం చెబుతుంది.

ఇంకొకాయన గగ్గుడు. ఆయనకి మతి చలించింది. ఉపోసథం ఒకసారి గుర్తుండేది, ఒకసారి గుర్తుండేది కాదు. ఒకసారి వచ్చేవాడు, ఒకసారి రాడు. ఆయన వచ్చినా రాకపోయినా సంఘం తన పని జరుపుకోవచ్చని బుద్ధుడు ఏర్పాటు చేశాడు. నయమయ్యాక తోటివాళ్ళు "అప్పుడు అలా చేశావు, ఇలా అన్నావు" అని నిలదీస్తే, మతి లేనప్పటి పనులకి ఆయన్ని బోనెక్కించకూడదని తీర్పు. దాని పేరు అమూళ్హ వినయం. అయితే అన్నీ గుర్తుండి కూడా గుర్తులేదని బొంకేవాడికి అది వర్తించదు. ఆ జాగ్రత్త కూడా అక్కడే ఉంది. కాబట్టి పెళ్ళాన్ని కొట్టి "మత్తులో ఉన్నాను" అనేవాడు గగ్గుణ్ణి అడ్డం పెట్టుకోవడానికి లేదు.

ఇక వైద్యం సంగతి. మనసు బాగోక తాగుతారు, తాగడం వల్ల మనసు ఇంకా పాడవుతుంది. గంజాయి సంగతీ అంతే, కొందరిలో అది మతిభ్రమణాన్ని రేపుతుంది. పాత పద్ధతిలో ఒకచోట "ముందు తాగుడు మానిపించుకు రండి" అంటారు, రెండోచోట "ముందు పిచ్చి తగ్గించుకు రండి" అంటారు. రోగి రెండు గుమ్మాల మధ్య నలిగిపోతాడు. 1980ల నుంచి అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో రాబర్ట్ డ్రేక్, ఆయన తోటివాళ్ళు వేరే దారి పట్టారు. ఒకే బృందం, ఒకే చోట, రెండిటికీ కలిపి వైద్యం, అదీ ఏళ్ళ తరబడి. మళ్ళీ తాగితే తరిమేయడం కాకుండా, ఎందుకు తాగాడో చూసి వైద్యం మార్చుకుంటారు.

మన తెలుగులో సారాయీ మందే, మాత్రా మందే. ఈ రెండు మందుల మధ్యే ఇళ్ళలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తాగాడు కదా అని మతి మాత్రలు సొంతంగా ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. నిద్రమాత్ర మీద తాగితే ఊపిరి ఆగే ప్రమాదం. అన్నిటికన్నా చెడ్డది, తెలియకుండా కూరలో కలిపిపెట్టే మాన్పుడు మందు. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర మింగినవాడు తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి చావు. మతిభ్రమణం ఉన్నవాళ్ళలో అది జబ్బుని పెంచవచ్చు కూడా. అమ్మలారా, చాటుగా మాత్రం పెట్టకండి.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు సిగ్గుపడి సగం దాచవద్దు. ఏది ముందు మొదలైంది, తాగుడా, మనసు బాధా? తాగకుండా ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్ళున్నాడు, అప్పుడు మనసు ఎలా ఉంది? తాగుడు వల్ల వచ్చిన దిగులు చాలామందిలో మానేసిన కొన్ని వారాలకి తగ్గుతుంది, విడిగా ఉన్న జబ్బు అలాగే ఉండిపోతుంది. డాక్టరుకి ఈ తేడా తెలిసేది మీ మాటల వల్లే.

కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫోనులో సలహాకి టెలీ మానస్ 14416, మత్తు మాన్పించే సాయానికి 14446. రెండూ ఉచితం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక జబ్బు కిందే లెక్కించింది. వైద్యం పొందడం హక్కు. గొలుసులతో కట్టేయడం నిషిద్ధం, అది ప్రార్థన మందిరంలోనైనా, పునరావాస కేంద్రంలోనైనా. బాబాసాహెబ్ పేరున్న జిల్లాలో ఉంటున్నాం, హక్కుని హక్కుగా అడగండి.

ధ్యానం గురించి ఒక్క మాట. మతి చెదిరి ఉన్నవాణ్ణి "విపశ్యన చేస్తే పోతుంది" అని పంపకండి. పది రోజుల శిబిరాల దరఖాస్తులోనే మానసిక జబ్బు ఉందా, మత్తు అలవాటుందా అని అడుగుతారు. వైద్యం కుదుటపడ్డాక, డాక్టరునీ ఆచార్యుణ్ణీ అడిగి వెళ్ళవచ్చు.

మా కుర్రాడు ఇప్పుడు రెండిటికీ మాత్రలు వాడుతున్నాడు. మధ్యలో రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నెలకోసారి కాకినాడ వెళ్ళడానికి తోడు కావాలి. కూలి మానుకుని ప్రతిసారీ వాళ్ళమ్మే వెళ్ళలేదు. అందుకని విహారం తరఫున నలుగురం వంతులు వేసుకున్నాం, బస్సు ఛార్జీలు పౌర్ణమి చందాలోంచి తీస్తున్నాం. వచ్చే నెల నా వంతు.