కంప్యూటర్ నోరు మూయించేదెలా?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి బస్తర్ తెలుగువాళ్ల ఉత్తరాలన్నీ ఒకే గోడు మోసుకొచ్చాయి. కొత్తవలస-కిరండూల్ (కేకే) రైలు మార్గం చివరనున్న బైలాడిలా గనుల ఊళ్ల నుంచి, శబరి ఒడ్డున కుంట నుంచి, భోపాలపట్నం నుంచి రాసినవాళ్లందరికీ కంప్యూటర్ చప్పుళ్లతోనే తంటా. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: మావారికి గనిలో షిఫ్టు డ్యూటీ. రాత్రంతా పనిచేసి వచ్చి పగలు పడుకుంటారు. ఆ వేళలోనే నేను ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవాలి. ఈ మధ్య ఏ కీ నొక్కినా టిక్కుమంటోంది. ఒక్కోసారి నొక్కిన అక్షరం పడనే పడదు. సౌండ్ పూర్తిగా తగ్గిస్తే పాఠాల వీడియోలు వినపడవు. కీబోర్డు మార్చేయాలా?
- ఒక గృహిణి, కిరండూల్

జవాబు: మార్చొద్దమ్మా, డబ్బు దండగ. ముందు తెర కింద కుడిమూలనున్న స్పీకర్ బొమ్మ నొక్కి సౌండ్ మ్యూట్ చేసి, నాలుగు అక్షరాలు కొట్టి చూడండి. చప్పుడు ఆగిందా, అది విండోస్ చేయిస్తున్నది. సెట్టింగ్‌తో పోతుంది. ఆగలేదా, అది కీల అడుగునున్న స్విచ్చుల చప్పుడు. దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. గేములాడే కుర్రాళ్లు మోజుపడి కొనే మెకానికల్ కీబోర్డుల్లో నీలిరంగు స్విచ్చులవి కావాలనే టకటకలాడేలా తయారవుతాయి. ఇంట్లో ఒకరు నిద్రపోతుండగా వాడేవి కావవి. మామూలు మెంబ్రేన్ కీబోర్డు చాలు.

మీ విషయంలో మాత్రం ఆచూకీ మీ ఉత్తరంలోనే దొరికింది: 'నొక్కిన అక్షరం పడదు' అన్నారు. విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ఉంది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టారు. పొరపాటున తగిలిన కీని అది లెక్కచేయదు, కాస్త ఆపి నొక్కితేనే ఒప్పుకుంటుంది. కీ నొక్కినప్పుడు, ఒప్పుకున్నప్పుడు కూత పెట్టే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. కుడిపక్క షిఫ్ట్ కీని 8 సెకన్లు నొక్కిపట్టి ఉంచితే ఇది మేలుకుంటుంది. తర్వాతి ప్రశ్న ఏం వేద్దామా అని ఆలోచిస్తూ వేలు షిఫ్ట్ మీదే ఉంచేసినా చాలు, పిల్లవాడెవడో మోచెయ్యి ఆనించినా చాలు. తెరమీద ఓ పెట్టె వస్తుంది, మనం చదవకుండా 'ఎస్' కొట్టేస్తాం. ఆ తర్వాత కీబోర్డును తిట్టుకుంటాం.

ఆపడానికి విండోస్ కీ, యు కలిపి నొక్కండి. యాక్సెసిబిలిటీ పేజీ తెరుచుకుంటుంది. విండోస్ 10లో దాని పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్. అందులో కీబోర్డ్ దగ్గరికి వెళ్లి ఫిల్టర్ కీస్ ఆఫ్ చేయండి. అక్కడితో వదిలేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ తయారవుతుంది. ఫిల్టర్ కీస్ లోపలే కీబోర్డ్ షార్ట్‌కట్ అని ఒక మీట ఉంటుంది, దాన్నీ ఆపేయండి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు.

ఇక వీడియోల సంగతి. స్పీకర్ బొమ్మ మీద మౌస్ కుడిబటన్ నొక్కితే వాల్యూమ్ మిక్సర్ కనిపిస్తుంది. అందులో సిస్టమ్ సౌండ్స్‌కి వేరే గీత ఉంటుంది. దాన్ని సున్నాకి లాగేయండి. విండోస్ టింగుటింగులు ఆగుతాయి, పాఠం మాత్రం వినబడుతుంది. మీ ల్యాప్‌టాప్ టచ్ తెరదై, తెరమీద కనిపించే కీబోర్డుతో రాస్తుంటే ఆ చప్పుడు వేరే చోట ఉంటుంది. విండోస్ 11లో అయితే దారి ఇది: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో టచ్ కీబోర్డ్.

ప్రశ్న: హిందీ టైపింగ్ పరీక్షకు రెమింగ్టన్ పద్ధతిలో కృతిదేవ్ ఫాంటుతో సాధన చేస్తున్నాను. మధ్యలో ఉన్నట్టుండి బీప్ వచ్చి, స్టికీ కీస్ కావాలా అని పెట్టె ఎదురవుతుంది. వేగం పడిపోతోంది. ఈ మధ్య క్యాప్స్ లాక్, నమ్ లాక్ నొక్కినప్పుడు కూడా కూత వస్తోంది. అన్నీ ఒకేసారి పీకేసే మార్గం చెప్పండి సార్.
- ఒక విద్యార్థి, జగదల్‌పూర్

జవాబు: అన్నీ పీకొద్దు తమ్ముడూ. ఒకటి పీకు, ఒకటి ఉంచుకో.

పీకాల్సింది స్టికీ కీస్. షిఫ్ట్ ఒక్కటే వరసగా ఐదుసార్లు తట్టితే అది లేస్తుంది. రెమింగ్టన్‌లో షిఫ్ట్ లేకుండా వాక్యం కదలదు కదా, తడబడినప్పుడల్లా చిటికెనవేలు షిఫ్ట్ మీద దరువేస్తుంది. విండోస్ కీ, యు నొక్కి, కీబోర్డ్‌లో స్టికీ కీస్ లోపలికి వెళ్లి దాని షార్ట్‌కట్ ఆపేయి. పరీక్ష హాల్లో కంప్యూటర్ నీది కాదు, సెట్టింగులు ముట్టుకోకు. అక్కడ ఆ పెట్టె వస్తే ఎస్కేప్ కొట్టి ముందుకు సాగిపో, పొరపాటున కూడా 'ఎస్' నొక్కకు.

రెండోది టాగిల్ కీస్. నమ్ లాక్‌ని 5 సెకన్లు నొక్కిపట్టినప్పుడు లేస్తుంది. కృతిదేవ్‌లో కొన్ని గుర్తులు పడాలంటే ఆల్ట్ పట్టుకుని కుడిపక్క అంకెలు కొట్టాలి. ఆ గొడవలో నమ్ లాక్ మీద వేలు నిలబడిపోయి ఉంటుంది. దీన్ని ఉంచుకోమంటాను. సాధన చేసేవాడి చూపు కాగితం మీద ఉండాలి, తెర మీద కాదు. క్యాప్స్ లాక్ పొరపాటున పడితే కృతిదేవ్‌లో ఆ తర్వాత కొట్టిందంతా చెత్తే. టాగిల్ కీస్ ఉంటే లాక్ పడినప్పుడు హెచ్చు స్వరం, తీసినప్పుడు తగ్గు స్వరం. తల ఎత్తకుండానే తెలిసిపోతుంది. పాత టైప్ మిషన్‌లో వరస చివరికొస్తోందని గంట మోగేది, టైపిస్టు కాగితం మీంచి కళ్లు తీయకుండానే క్యారేజీ వెనక్కి తోసేవాడు. ఆ గంట ఎవరికీ చిరాకు అనిపించలేదు. టెలిప్రింటర్లలో కూడా అవతలివాళ్లను పిలవడానికి గంట ఉండేది. 1963లో వచ్చిన ఆస్కీ సంకేతాల పట్టికలో 7వ నంబరును ఆ గంటకే ఇచ్చారు. నమ్మకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎకో అని రాసి, ఖాళీ వదిలి, కంట్రోల్ జి నొక్కి ఎంటర్ కొట్టు. ఇవాళ్టి విండోస్ కూడా కూస్తుంది.

అయితే పరీక్ష రోజున ఆ కూత ఉండదు. ఆఖరి వారం అది లేకుండా సాధన చెయ్యి.

ప్రశ్న: ఊళ్లో చాయిస్ సెంటర్ (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల కేంద్రం) నడుపుతున్నాను. పెన్షన్ల రోజున వేలిముద్ర మెషీన్ పెట్టగానే డుండుం, తీయకుండానే మళ్లీ డుండుం. రోజంతా ఇదే మోత. పైగా మా కంప్యూటర్ మెనూలన్నీ హిందీలో ఉన్నాయి, మీ వ్యాసాల్లోని ఇంగ్లీషు పేర్లు మాకు దొరకవు.
- ఒక పాఠకుడు, భోపాలపట్నం

జవాబు: చప్పుడు ఆపడం ఒక్క నిమిషం పని. కానీ అన్నగారూ, ఆ చప్పుడు మీకు అబద్ధం చెప్పడం లేదు. మీరు మెషీన్ తీయకుండానే అది తెగి మళ్లీ అతుక్కుంటోందని చెబుతోంది. అది తెగిన క్షణంలో ఎవరో పెద్దామె వేలు పెట్టి ఉంటే ముద్ర పడదు. ఆమె వేలు అరిగిపోయిందని మనం అనేస్తాం, ఆమె మళ్లీ వరసలో నిలబడుతుంది. కాబట్టి మోత ఆపేముందు దాని కారణం ఆపండి.

మెషీన్‌ను యూఎస్‌బీ హబ్‌కి తగిలించి ఉంటే తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు కాకుండా వెనకవైపు రంధ్రంలో పెట్టండి. ముందు రంధ్రాలు లోపల సన్నటి వైరుతో కలిసి ఉంటాయి, రోజూ పెట్టి తీసి వదులవుతాయి. ఇంకా తెగుతుంటే కేబుల్ మెడ దగ్గర వంచి చూడండి. అక్కడ కదిపితే డుండుం మోగిందంటే దోషం కేబుల్‌దే. కేబుల్ బాగుంటే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కరెంటు పొదుపు కోసం దీన్ని ఆపవచ్చు అన్న టిక్కు తీసేయండి.

ఇంత చేశాక కూడా డుండుం వద్దనుకుంటే, భాషతో పనిలేని దారి ఇది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న గడిలో ఇంగ్లీషు అక్షరాలతో ఎం-ఎం-ఎస్-వై-ఎస్, చుక్క, సి-పి-ఎల్ అని ఖాళీల్లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ హిందీలో ఉన్నా తెలుగులో ఉన్నా సౌండ్ పెట్టె తెరుచుకుంటుంది. పైన నాలుగు పేజీలుంటాయి, మూడోది చప్పుళ్ల పేజీ. మొదట కనిపించే జాబితాలో 'చప్పుళ్లు వద్దు' అన్న అర్థం వచ్చేది ఎంచుకుంటే విండోస్ చప్పుళ్లన్నీ పోతాయి. మీకు అదొద్దు. కిందనున్న పొడవాటి పట్టికలో డివైస్ కనెక్ట్, డివైస్ డిస్‌కనెక్ట్ అన్న అర్థం వచ్చేవి వెతికి, వాటికి మాత్రం 'ఏదీ లేదు' అని పెట్టి అప్లై చేయండి. ఆ పక్కనే కనెక్ట్ కాలేదని చెప్పే డివైస్ ఫెయిల్డ్ చప్పుడు ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, అది మీకు కావాలి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ కుయ్ కుయ్ మంటుంది. సౌండ్ మ్యూట్ చేసినా ఆగదు. ఇప్పుడు కరెంటు ఉన్నా అరుస్తోంది. రాత్రిపూట మా అబ్బాయి చదువుకోలేకపోతున్నాడు.
- ఒక తండ్రి, కుంట

జవాబు: అరుస్తున్నది కంప్యూటర్ కాదండీ, దాని పక్కన కూర్చున్న యూపీఎస్. దానికి సొంత గొంతు ఉంది, విండోస్‌తో సంబంధం లేదు. కరెంటు పోగానే ఆగి ఆగి కూస్తుంది: బ్యాటరీ మీద నడుస్తున్నాను, దాచుకోవాల్సింది దాచుకో అని. బ్యాటరీ అడుగంటుతుంటే కూతలు దగ్గరవుతాయి లేదా ఆగకుండా వస్తాయి. చాలా మోడళ్లలో ముందున్న బటన్ ఒకసారి తట్టితే కూత ఆగుతుంది. కొన్నిటికి ఆ వీలు లేదు, మీదాంతో వచ్చిన కాగితం చూడండి.

కరెంటు ఉన్నా అరుస్తోందంటే బ్యాటరీ అయిపోవచ్చింది, లేదా మోయలేని బరువు పెట్టారు. లేజర్ ప్రింటర్ దానికి తగిలించి ఉంటే వెంటనే తీసేయండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అది మారిస్తే సరిపోతుంది, యూపీఎస్ మొత్తం కొననక్కర్లేదు. లోపలున్న చిన్న బజర్ ఊడబీకుతానని ఎవరైనా మెకానిక్ అంటే మాత్రం ఒప్పుకోకండి. రాసిన పాఠం దాచుకోకముందే తెర ఆరిపోయిన రోజున అబ్బాయికి ఆ కూత విలువ తెలుస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర వెలగకుండా పెట్టెలోంచే బీప్ బీప్ మంటే అది ఇంకో సంగతి. ఎక్కువగా ర్యామ్ కదిలి ఉంటుంది. కరెంటు పూర్తిగా తీసి, ర్యామ్ బయటికి తీసి, అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ తెరవగానే సంగీతం మోగుతుంది. తెల్లవారుజామున లేచి రాసుకునే అలవాటు నాది. ఇల్లంతా లేస్తోంది.
- రిటైరైన ఉపాధ్యాయుడు, బచేలి

జవాబు: మాస్టారూ, పైన భోపాలపట్నం పాఠకుడికి చెప్పిన పెట్టెలోనే, చప్పుళ్ల పేజీ అడుగున ప్లే విండోస్ స్టార్టప్ సౌండ్ అని ఉంటుంది. టిక్కు తీసేయండి. తర్వాతెప్పుడైనా తెర అలంకారం కోసం కొత్త థీమ్ పెడితే దాంతోపాటు చప్పుళ్లు తిరిగి రావచ్చు, ఒకసారి చూసుకోండి. మ్యాక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్‌లో ఉంటుంది.

ఆ సంగీతాన్ని మరీ ఈసడించుకోకండి. విండోస్ 95కి అలాంటి సంగీతాన్ని కట్టింది బ్రయన్ ఈనో అనే పెద్ద సంగీతకారుడు. దాన్ని మ్యాక్ మీద చేశానని ఆయనే చెప్పాడు. 2025లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తమ జాతీయ రికార్డింగుల జాబితాలో దానికి చోటిచ్చింది. అయినా తెల్లవారుజామున నాలుగింటికి ఎవరి సంగీతమైనా గోలే.

ప్రశ్న: ఫోన్‌లో తెలుగు టైపు చేస్తుంటే టిక్ టిక్.
- ఒక పాఠకురాలు, సుక్మా

జవాబు: జీబోర్డ్ అయితే దాని సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి సౌండ్ ఆన్ కీప్రెస్ ఆపండి. మిగతా టిక్కులు ఫోన్ సౌండ్ సెట్టింగ్స్‌లో టచ్ సౌండ్స్, డయల్ ప్యాడ్ టోన్స్ దగ్గర ఉంటాయి.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. తెర మీది రాత చదివి వినిపించే ఎన్‌వీడీఏ పెట్టుకుని నా కంప్యూటర్‌లోనే చదువుకుంటాడు. నాకు చప్పుళ్లు పడవు, వాడికి అవే కావాలి. రోజూ తగువు.
- ఒక అక్క, గీదం

జవాబు: ఇద్దరికీ వేర్వేరు యూజర్ అకౌంట్లు పెట్టమ్మా. సౌండ్ స్కీమ్, టాగిల్ కీస్ లాంటివి ఎవరి అకౌంటులో వాళ్లవే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ దగ్గర తమ్ముడి పేరుతో ఒకటి తెరువు. నీ అకౌంటులో అన్నీ ఆపుకో. అతని అకౌంటులో టాగిల్ కీస్ ఆన్ చెయ్యి, క్యాప్స్ లాక్ పడిందో లేదో చెవితోనే తెలుస్తుంది. ఎన్‌వీడీఏ కీబోర్డు సెట్టింగుల్లో క్యాప్స్ లాక్ ఉండగా చిన్న అక్షరాలు పడితే బీప్ పెట్టే ఏర్పాటు కూడా ఉంది. నీకు ఇంకా ఇబ్బందైతే వాడికొక ఇయర్‌ఫోన్ కొనిపెట్టు. ఒకటే అకౌంటు ఉంచుకుని వాడి చప్పుళ్లు ఆపేయడం మాత్రం న్యాయం కాదు.

పాఠకులకు ఒక మనవి: చప్పుళ్ల గురించి రాసేటప్పుడు విండోస్ 10నా 11నా, మ్యూట్ చేసినా చప్పుడు వస్తోందా, ఏ కీ నొక్కినప్పుడు మొదలైంది, ఈ మూడూ తప్పకుండా రాయండి. సగం జవాబు వాటిలోనే ఉంటుంది.