రాగి నాణెమును చూచు తీరు

చిరంజీవియైన మనుమనికి ఇల్లందు నుండి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ యుత్తరమును, దానితోడి ఛాయాచిత్రములును అందినవి. ఈస్టిండియా కంపెనీవారి 1808 నాటి ఇరువది కాసుల నాణెములు రెండు నీ చేతికి వచ్చినవనియు, అందొకటి ఇంటి పాతపెట్టెలోనిదనియు, రెండవదానిని మునిగిపోయిన 'అడ్మిరల్ గార్డనర్' ఓడలోనిదని చెప్పి అమ్మిరనియు, రెంటిలో ఏది మేలైన శ్రేణికి చెందునో తెలుపుమనియు వ్రాసితివి. ఒక్క మాటలో జవాబీయవచ్చును గాని, ఆ మాట ఈ రెండు నాణెములకే పనికివచ్చును. చూచు పద్ధతి తెలిసినచో నీ చేతికి వచ్చు ప్రతి రాగిబిళ్ళకును పనికివచ్చును. అందుచేత పద్ధతినే వ్రాయుచున్నాను.

రాగి నాణెమును చేతికి తీసికొన్నంతనే మూడు ప్రశ్నలు వేసికొనుము. టంకశాలలో దీనికి పడిన ముద్ర ఎంతటిది? చేతులు మారి మారి ఇది కోల్పోయినదెంత? మన్నును, నీరును, మనుష్యులును దీని పైపొరకు చేసిన కీడెంత? బంగారము విషయమున మూడవ ప్రశ్న దాదాపుగా పుట్టదు. వెండి విషయమున కొంత పుట్టును. గాలికిని, తేమకును, ఉప్పుకును ఇట్టే లోబడు రాగి విషయమున మాత్రము అది తక్కిన రెంటితో సమానమైనది. ఈ మూడింటిని కలగలిపి "బాగున్నది" అనువాడు నాణెమును చూడనే లేదని నా దృఢాభిప్రాయము.

మొదట ముద్ర సంగతి. ఆసఫ్‌జాహీల నాటి దళసరి డబ్బులను మన యింట నీవు చూచియున్నావు. సుత్తెతో కొట్టి ముద్రించిన ఆ కాలమున అచ్చు పెద్దది, రాగిబిళ్ళ చిన్నది. కాబట్టి పారసీకాక్షరములలో కొన్నియే బిళ్ళపై పడి, తక్కినవి పడకయే పోయెడివి. ఆ లేని యక్షరములను అరిగిపోయినవని లెక్కించుట అన్యాయము. అక్షరము అంచువద్ద స్ఫుటముగా తెగియున్నచో బిళ్ళ చాలలేదని గ్రహింపుము. క్రమక్రమముగా పలుచనై కలిసిపోయినచో అది అరుగుదలయైనను కావచ్చును, దెబ్బ సరిగా తగులకపోవుటయైనను కావచ్చును. ఆ సందేహము తీరుటకు నాణెమును త్రిప్పి, అదే తావున రెండవవైపు ఎట్లున్నదో చూడుము. అచ్చటను రూపము మందగించినచో దోషము చాలవఱకు ముద్రదే. పెద్దబంకూరు, కొండాపురము మొదలగు చోట్ల బయల్పడిన శాతవాహనుల నాణెములకును ఇదియే న్యాయము. ఒకవైపు ఏనుగును, మఱియొకవైపు ఉజ్జయినీ చిహ్నమును గల ఆ నాణెములలో రాజు పేరు తునుకలుగా మిగిలినవి పెక్కులు. మిగిలిన రెండు మూడు బ్రాహ్మీ అక్షరములు స్ఫుటముగా నున్నచో దానిని తక్కువచేయరాదు.

ఇక అరుగుదల. నీ ఇరువది కాసులు సుత్తెదెబ్బకు పుట్టినవి కావు. బర్మింగ్‌హామ్ వద్ద మాథ్యూ బోల్టన్ నెలకొల్పిన సోహో టంకశాలలో ఆవిరియంత్రములపై తయారై మదరాసు రాజధానికై పంపబడినవి. యంత్రపు దెబ్బ సమముగా పడును గనుక, వానిపై లోపించినది చాలవఱకు అరుగుదలయే. ఒకవైపు కంపెనీవారి డాలును, దానికిరువైపుల నిలిచిన సింహములును కలవు. ఉబ్బెత్తు భాగములే మొదట అరుగును గనుక సింహముల ముఖములను ముందు పరీక్షింపుము. పిదప డాలును, కడపట తేదీని చూడుము. నెత్తిపై దీపమున్నపుడు చూడవలదు. కిటికీ వెలుగు ప్రక్కనుండి పడునట్లు కూర్చుండి, నాణెమును అంచులతో మాత్రమే పట్టుకొని, మెల్లగా వంచుచు చూడుము. అరుగని తావున వెలుగు నాణెముతోపాటు కదలును. అరిగిన తావున చదునుగా నిలిచిపోవును. నీ పెట్టెలోని నాణెమున సింహముల ముఖములు చదునైనను, తేదీయు అక్షరములును నిండుగా నిలిచియున్నవి. పైపొర సమమైన గోధుమవర్ణముతో ఆరోగ్యముగా నున్నది.

రెండవదాని కథ వేఱు. 'అడ్మిరల్ గార్డనర్' ఓడ మదరాసునకు రాగి కాసులను మోసికొనివచ్చుచు 1809 జనవరిలో ఇంగ్లండు తీరపు గుడ్విన్ ఇసుకదిబ్బలపై మునిగినది. 1980ల దశకమున ఆ నాణెములు వెలికివచ్చినవి. ఏ సంతలోను చేతులు మారని నాణెమునకు అరుగుదల యెక్కడిది? కాని సముద్రజలము దాని పైపొరను తినివేసి, సూక్ష్మమైన గుంటలతో నింపినది. సింహపు జూలు ఇంకను నిలిచియున్నది, దానిపై చర్మము మాత్రము లేదు. మూడవ ప్రశ్న యెందుకో ఇపుడు నీకు బోధపడినదనుకొందును.

చిలుములోను భేదములు కలవు. గట్టిగా, నున్నగా అంటుకొనియున్న ముదురాకుపచ్చ పొర ఏండ్లతరబడి స్థిరముగా నుండును. గోటితో తాకిన రాలు లేతాకుపచ్చ పొడి క్లోరైడు లవణముల వలన పుట్టిన రోగము. తేమ తగిలినకొలది అది లోనికి తినును. అట్టిదానిని వేఱుచేసి పొడిచోట నుంచుము. మనది బొగ్గుగనుల ఊరు. బొగ్గుపొగలోని గంధకము రాగిని నల్లబరచును, వానకాలమున అడవి తేమ తోడగును. కావున భద్రపఱచుటలో ఏమరరాదు. బిందెలవలె నాణెములను చింతపండుతో తోమవలదని వేయిమార్లు చెప్పుదును. ఆ పులుపు శతాబ్దపు పొరను క్షణములో ఒలిచివేసి, గులాబిరంగు తేలిన పచ్చిలోహమును బయటపెట్టును. పోయిన పొరను ఏ విద్యయు తిరిగి తేలేదు.

శ్రేణుల సంగతి చివరకు ఉంచితిని. అమెరికా తొలినాటి రాగి సెంట్లపై విలియం షెల్డన్ 1949లో ప్రకటించిన గ్రంథమున 1 నుండి 70 వఱకు కొలమానమును కల్పించెను. నేడు పెక్కుచోట్ల వాడుకలోనున్నది దాని సంతతియే. ఆ దేశపు రాగి నాణెముల సేకర్తలు మొదట రూపపు స్ఫుటత్వమునకు ఒక అంకె నిచ్చి, గుంటలకును గీతలకును తగినంత తగ్గించి, నికరపు అంకెను వేఱుగా చెప్పుదురు. ఈ యాచారము నీవును గైకొనుము. ఆ లెక్కన ఓడ నాణెము స్ఫుటత్వమున పైమెట్టుదైనను నికరమున దిగజాఱును; పెట్టె నాణెము స్ఫుటత్వమున మధ్యమమైనను దాదాపు ఏమియు కోల్పోదు. నా తీర్పు పెట్టె నాణెము పక్షమే.

మఱియొక మాట. నేలకొండపల్లి వంటి ప్రాచీనస్థలముల పొలములలో నాణెములు దొరికినచో వానిని నీవిగా తలంపరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపవలయును. ఏ మట్టిపొరలో, వేనితో కలసి దొరికెనో తెలిసిన నాణెమే చరిత్రకు సాక్ష్యము పలుకగలదు. ఆ సాక్ష్యమును చెఱుపు హక్కు మనకు లేదు.

ఈ రెండు నాణెములను మరల ముందుంచుకొని, ముద్ర, అరుగుదల, పైపొర అను మూడు శీర్షికల క్రింద నీవు చూచినది చూచినట్లు వ్రాసి నాకు పంపుము. వెల ప్రస్తావన అందు వలదు. కొనువాడు చదివినను, అమ్మువాడు చదివినను ఒకే నాణెము మనసున మెదలునట్లుండవలయును నీ వర్ణన.

ఇట్లు,
నీ అభివృద్ధిని కోరు
తాత