మన గాదె – పొరుగింటి పొయ్యి



2020వ సంవత్సరం మార్చి 24, మంగళవారం. ఆ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా ఇళ్ళలోనే ఉండాలని ప్రకటించారు. మరునాడు ఉగాది. మన శ్రీసభకు అదే రోజు మంగళవార్త పండుగ. తపస్సు కాలం సగం దాటింది. అంతకు రెండు రోజుల ముందే, జనతా కర్ఫ్యూ జరిగిన ఆదివారంనాడే, మన రాష్ట్రంలో కట్టుబాట్లు ప్రకటించారు. ఆ నాలుగు రోజుల్లో ఏ ఊరి కిరాణా కొట్టు ముందు చూసినా గుంపులే. ఒకరి చేతిలో బియ్యం బస్తా, ఇంకొకరి చేతిలో నూనె డబ్బా, అందరి ముఖాల్లోనూ భయం.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మరి ఇప్పుడీ పాఠం ఎందుకని మీరు అడగవచ్చు. కష్టకాలం మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు గనుక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలు ఇంట్లో ఉన్నదానితోనే రోజులు గడపవలసి వచ్చింది. అందుచేత ఇంట్లో సరుకులు దాచుకోవడం వివేకమా, పాపమా? ఎంతవరకు వివేకం, ఎక్కడ నుంచి పాపం? ఈ వారం దీనిని కుటుంబమంతా కూర్చుని ఆలోచిద్దాం.

దాచుకోవడం తప్పు కాదు

మన పల్నాడు ఇళ్ళకు నిల్వ కొత్త కాదు. మాఘ ఫాల్గుణాల్లో మిరపకాయలు ఎండబెట్టి ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుంటాం. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకి ఎత్తుతాం. ఎండాకాలంలో ఆవకాయ, వడియాలు పెడతాం. మన పెద్దలు ధాన్యానికి గాదెలు, పాతరలు కట్టుకున్నారు. వానకు నోచుకోని నేల మీద బతికినవారికి అది అత్యాశ కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

పరిశుద్ధ గ్రంథం కూడా ఈ జాగ్రత్తను మెచ్చుకుంటుంది. వేసవిలో ఆహారం కూడబెట్టే చీమను చూసి నేర్చుకోమని సామెతల గ్రంథం సోమరికి బుద్ధి చెబుతుంది. ఆదికాండం 41వ అధ్యాయంలో యోసేపు కథ మీకు తెలిసిందే. ఏడేళ్ళ సమృద్ధిలో ఐదో వంతు పంట పట్టణాల్లో నిల్వ చేయించాడు. కరువు వచ్చినప్పుడు ఆ కొట్లు తెరిపించి గింజలు ఇప్పించాడు. ఇక్కడ రెండు సంగతులు గమనించండి. యోసేపు సమృద్ధిగా ఉన్న రోజుల్లో దాచాడు, కరువు వచ్చి పడ్డాక ఎగబడలేదు. దాచినది తన ఒక్క ఇంటికోసం కాదు, దేశం కోసం.

మన్నా చెప్పే లెక్క

ఇంకొక పాఠం నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఉంది. ఎడారిలో మన్నా కురిసినప్పుడు దేవుడు చెప్పిన కొలత ఏది? ఇంట్లో ఎన్ని నోళ్ళు ఉంటే అన్ని కొలతలు. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి చాలకపోలేదు. మాట వినక మరునాటికి దాచుకున్నవారి మన్నా పురుగు పట్టి కంపు కొట్టింది. అయితే ఆరవ రోజున మాత్రం రెండింతలు ఏరుకోమని దేవుడే చెప్పాడు. విశ్రాంతి దినం కోసం దాచిన ఆ మన్నా చెడిపోలేదు. అంటే దేవుడు నిల్వను నిషేధించలేదు. నోళ్ళు లెక్కపెట్టుకుని, అవసరమైన రోజులు లెక్కపెట్టుకుని, అందరికీ సమానంగా అందేలా దాచుకోమన్నాడు. భయంతో పోగుచేసిన దానికే పురుగు పట్టింది.

ఈ మాట రాయడానికి నాకు ఒక కారణం ఉంది. ఆ మార్చి నెలలో మా ఇంట్లోనే ఈ తప్పు జరిగింది. నెలకు మూడు కిలోల కందిపప్పు వాడే ఇంటికి నేను పది కిలోలు తెచ్చాను. మరునాడు మా వీధిలోని ఒక సోదరి, మిరప కోతలకు వెళ్ళి కూలి డబ్బు తెచ్చుకునే మనిషి, పావు కిలో పప్పు కోసం అదే కొట్టుకు వెళ్ళింది. "పప్పు అయిపోయిందమ్మా, బండి వస్తే చూద్దాం" అన్నాడట కొట్టతను. ఆ రాత్రి పిల్లలకు పచ్చిపులుసుతో అన్నం పెట్టిందని చాలా రోజుల తరువాత మా ఇంటావిడ ద్వారా విన్నాను. మా పప్పు సంగతా? ఆషాఢం నాటికి పురుగు పట్టింది. జల్లించి, చెరిగి, ఎండబెట్టినా సగం పారబోశాము. ఆమె వెతికిన పావు కిలో మా డబ్బాలోనే ఉంది. నేను దొంగతనం చేయలేదు, డబ్బు ఇచ్చే కొన్నాను. అయినా గుడి తలుపులు మళ్ళీ తెరిచాక పాపసంకీర్తనంలో ఆ సంగతి చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

కొట్టులో ఉన్నది ఎవరి వాటా?

మా రొంపిచెర్ల వంటి ఊళ్ళలో కొట్టు ఎలా నడుస్తుందో ఆలోచించండి. చిన్న కొట్టతను కొద్దిపాటి సరుకే పెట్టుకుంటాడు. అది అయిపోతే పట్నంలోని టోకు దుకాణాల నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి. 2020 ఏప్రిల్‌లో నరసరావుపేటలోనే కేసులు పెరిగి పట్టణాన్ని కట్టుదిట్టం చేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకు ఆ దారి ఎంత ఇరుకైందో మనం చూశాం.

కొట్టుకు రెండు రకాల మనుషులు వస్తారు. నెలజీతమో, పంట డబ్బో ఉన్నవారు నెల సరుకులు ఒకేసారి కొంటారు. కూలి చేసుకునేవారు సాయంత్రం చేతికి వచ్చిన డబ్బుతో ఆ పూటకు కొంటారు: పావు కిలో పప్పు, చిన్న సీసాలో నూనె, ఐదు రూపాయల చింతపండు. ముందుగా కొనిపెట్టుకోవడానికి వారి దగ్గర డబ్బు లేదు. మొదటివారు ఉదయమే వచ్చి అరలు ఖాళీ చేస్తే రెండోవారికి మిగిలేది ఖాళీ గోతాలు, పెరిగిన ధరలు. ఆ ఏడాది కర్నూలు జిల్లా నుంచి మిరప కోతలకు వచ్చిన కూలీలు ఎందరో గుంటూరు జిల్లా పల్లెల్లోనే చిక్కుకుపోయారు. మన చేలో కాయ కోసినవారికి మన ఊరి కొట్టులో వాటా లేదా?

ప్రభుత్వాలు ఊరకే ఉన్నాయని కాదు. మార్చి 29 నుంచి రేషన్ కార్డులకు ఉచితంగా బియ్యం, కిలో కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న వెయ్యి రూపాయలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. కేంద్రం మనిషికి నెలకు అదనంగా 5 కిలోల బియ్యం ప్రకటించింది. కాని లెక్క వేయండి. నెలకు 5 కిలోలంటే రోజుకు 167 గ్రాములు. మామూలు కోటా 5 కిలోలు కలిపినా రోజుకు 335 గ్రాములకు మించదు. రెక్కల కష్టం చేసే మనిషికి అది రెండు పూటల అన్నానికి బొటాబొటి. కూర, నూనె, ఉప్పు, సబ్బు మాటేమిటి? వాటికి కొట్టే గతి.

గింజలు దాచిపెట్టినందువల్ల జరిగే కీడు మన నేలకు తెలియనిది కాదు. 1832–33లో వచ్చిన గుంటూరు కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు. అందులో జిల్లా జనాభాలో దాదాపు మూడో వంతు నశించిందని అంచనా. అటువంటి కాలంలో గింజలు ఇంట పెట్టుకుని ధర పెరగాలని ఎదురుచూసేవాడు ప్రజల శాపానికి గురవుతాడని సామెతల గ్రంథం 11వ అధ్యాయం హెచ్చరిస్తుంది. మన చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది. నిత్యావసర సరుకుల చట్టం 1955 నుంచి ఉంది. 2020 మార్చి 13న కేంద్రం మాస్కులను, శానిటైజర్లను కూడా కొంతకాలం ఆ జాబితాలో చేర్చింది.

అయితే చట్టం పట్టుకునేది వ్యాపారిని. మన వంటింటి డబ్బాలను పరిశీలించవలసింది మన అంతరాత్మే. లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుడు ఏ చట్టమూ మీరలేదు. పంట తనదే, కొట్లు తనవే. కాని అతని మాటలన్నీ "నా పంట, నా కొట్లు, నా ప్రాణం" అన్నట్టే ఉన్నాయి. పక్కింటివాడు ఆ మాటల్లో ఎక్కడా లేడు. నాలుగో శతాబ్దంలో కైసరియ పట్టణంలో కరువు వచ్చినప్పుడు పునీత బాసిల్ ఈ ఉపమానం మీదనే ప్రసంగించారు. మన అవసరానికి మించి దాచినది ఆకలిగొన్నవాడి సొత్తేనని ఆయన బోధ. బోధించి ఊరుకోలేదు, ధనవంతుల చేత కొట్లు తెరిపించి ఆకలిగొన్నవారికి తానే వడ్డించారు.

ఎంత ఉంచుకోవాలి?

ఇక పని దగ్గరకు వద్దాం. నలుగురున్న ఇంటికి 15 రోజుల నిల్వ చాలినంత జాగ్రత్త. లెక్క ఇలా వేసుకోండి.

బియ్యం: మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున 24 కిలోలు. ఒక 25 కిలోల బస్తా సరిపోతుంది.
పప్పులు: మనిషికి 50 గ్రాముల చొప్పున అన్ని పప్పులూ కలిపి 3 కిలోలు.
నూనె: మనిషికి 25 గ్రాముల చొప్పున కిలోన్నర. లీటరు ప్యాకెట్లు రెండు చాలు.
ఉప్పు: మనిషికి 5 గ్రాముల చొప్పున 300 గ్రాములు. కిలో ప్యాకెట్ నెలన్నర దాటి వస్తుంది.

కారం, చింతపండు, పచ్చళ్ళు మన ఇళ్ళలో ఎలాగూ ఉంటాయి. వీటికి తోడు నాలుగు సబ్బులు, ఒక అగ్గిపెట్టెల కట్ట, కొవ్వొత్తులు. బీపీకి, షుగరుకు మందులు వాడే పెద్దలుంటే నెల రోజుల మాత్రలు తప్పక ఉంచండి. పసిపిల్లలుంటే వారికి కావలసినవి ముందు చూడండి.

ఈ నిల్వను ఒక్కరోజులో కొనవద్దు. మామూలు రోజుల్లోనే, వారం వారం తెచ్చుకునే సరుకుతో పాటు అరకిలో, కిలో అదనంగా తెచ్చుకుంటూ రెండు నెలల్లో పూర్తిచేయండి. అదే యోసేపు పద్ధతి. అప్పుడు కష్టకాలం వచ్చిన రోజున మీరు కొట్టు ముందు గుంపులో నిలబడరు. మీరు వదిలిన చోటు, మీరు కొనని పావు కిలో కూలిమనిషికి దక్కుతుంది.

నిల్వ చెడకుండా చూడడం కూడా ధర్మమే. పప్పులను ఎండలో పెట్టి, చల్లారాక తడిలేని డబ్బాలో మూత బిగించి పెట్టండి. బియ్యంలో బాగా ఎండిన వేపాకు వేయండి. గోతాన్ని నేల మీద కాక చెక్క మీద ఉంచండి. పాత సరుకు ముందుకు, కొత్తది వెనక్కి పెట్టి, పాతది ముందుగా వాడండి. దేవుడిచ్చిన అన్నాన్ని పురుగుల పాలు చేయడం చిన్న తప్పు కాదు.

పిడికెడు బియ్యం

మన అమ్మమ్మలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేది, అక్కడనుంచి పేదల ఇంటికి వెళ్ళేది. ఆ అలవాటు చాలా ఇళ్ళలో మరుగున పడింది. పిడికెడంటే సుమారు 50 గ్రాములు. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. ఒక విచారణలో 50 కుటుంబాలు ఇలా చేస్తే నెలకు 150 కిలోలు, అంటే ఆరు బస్తాలు! అంతియోకియలోని తొలి క్రైస్తవులు చేసినది ఇదే. కరువు రాబోతున్నదని అగబు ప్రవక్త చెప్పగానే వారు తమ ఇళ్ళు నింపుకోవడానికి పరుగెత్తలేదు. ఎవరి శక్తికొద్దీ వారు పోగుచేసి, బర్నబా, సౌలుల చేత యూదయాలోని సోదరులకు పంపారు.

సరెఫతు విధవరాలి ఇంట్లో ఉన్నది పిడికెడు పిండి, కొద్దిపాటి నూనె. అందులోనుంచే ఏలియాకు ముందుగా పెట్టింది. ఆ కుండ తరగలేదు. మనం ప్రతి రోజూ చెప్పే పరలోక జపంలో అడిగేది కూడా ఒక్క రోజు ఆహారమే. అదీ "నాకు" అని కాదు, "మాకు" అని. ఆ "మాకు" అనే మాటలో వీధి చివర గుడిసె ఉన్నది. సాయంత్రం కూలి డబ్బు కొంగున కట్టుకుని కొట్టుకు నడిచే సోదరి ఉన్నది. మన డబ్బాలో ఆమె పావు కిలో ఉన్నదేమో ఈ రాత్రి చూసుకుందాం.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఇప్పుడు ఎన్ని రోజులకు సరుకు ఉంది? అందులో చెడిపోతున్నది ఏది?
2. 2020లో మనం భయంతో కొన్నది ఏమిటి? దానివల్ల ఎవరికైనా లేకుండా పోయిందా?
3. కష్టకాలం వస్తే మన వీధిలో మొదట ఆకలికి గురయ్యే ఇల్లు ఏది?

ఈ వారం తీర్మానం: వంటింట్లో ఒక డబ్బా ఖాళీ చేసి పిడికెడు బియ్యానికి కేటాయిద్దాం. పిల్లల చేతనే అందులో వేయిద్దాం.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, రేపటి భయం మా చేతులను బిగించకుండా కాపాడండి. మా ఇంట సమృద్ధి ఉన్నప్పుడు పొరుగింటి పొయ్యి వైపు చూచే కన్నులు ఇవ్వండి. మా నిల్వను మా పిల్లలతో పాటు మీ బిడ్డలందరి కొరకు కాపాడుకునే వివేకం దయచేయండి. ఆమెన్.