మంచుగడ్డ మీద హాకీ – మన దేశం అమ్మాయిలు



హాకీ అంటే మైదానంలో బంతితో ఆడే ఆటే అని నేను అనుకునేదాన్ని. మంచుగడ్డ మీద ఆడే హాకీ కూడా ఉంది. దాని పేరు ఐస్ హాకీ. అందులో మన దేశానికి ఆడపిల్లల జట్టు ఉంది. వాళ్ల సంగతి చదివాక మీకూ చెప్పాలనిపించింది.

ఆట ఎలా ఆడతారు?

ఒక్కో జట్టు నుంచి ఒకేసారి ఆరుగురు ఆడతారు. అందులో ఒకరు గోల్‌కీపర్. కాళ్లకు అడుగున ఉక్కు బద్ద ఉన్న స్కేట్లు వేసుకొని జారుతూ పరుగెత్తుతారు. ఇందులో బంతి ఉండదు. నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని ‘పక్’ అంటారు. బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఎవరైనా తప్పు చేస్తే మామూలుగా 2 నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపు వాళ్ల జట్టు ఒకరు తక్కువతోనే ఆడాలి. ఈలోపు అవతలివాళ్లు గోల్ కొడితే మాత్రం ముందే లోపలికి రావచ్చు.

మన అమ్మాయిలు ఎక్కడివాళ్లు?

ఎక్కువమంది లడఖ్ వాళ్లు. అక్కడి జనంలో చాలామంది మనలాగే షెడ్యూల్డ్ తెగలవాళ్లు. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలంలో అక్కడి చెరువులు పైన గడ్డకడతాయి. సైన్సులో చదివాం కదా, నీరు 4 డిగ్రీల దగ్గర బాగా బరువెక్కి అడుగుకు పోతుంది, మంచుగడ్డ తేలికై పైన తేలుతుంది. ఆ గడ్డే వీళ్లకు ఆటస్థలం. కానీ అది ఏడాదికి రెండు నెలలే గట్టిగా ఉంటుంది. తర్వాత కరిగిపోతుంది.

2016లో తైపేలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్‌కు వీళ్లు మొదటిసారి వెళ్లారు. ఖర్చులకు డబ్బు చాలక జనం దగ్గర చందాలు పోగుచేసుకున్నారు. అక్కడ ఒక్క ఆట కూడా గెలవలేదు. అయినా మానుకోలేదు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ జట్టును 4–3 తేడాతో ఓడించారు. అదే వాళ్ల మొదటి గెలుపు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చారు. అంటే మొదటి ఓటమి నుంచి పతకం దాకా తొమ్మిదేళ్లు పట్టింది.

పోయినసారి ఆటల పోటీల్లో మా ఖోఖో జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో “ఇంక నేను ఆడను” అని ఏడ్చింది నేనే. మనకు మైదానం ఏడాది పొడుగునా ఉంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు పొద్దున్నే మైదానానికి వస్తాను. మీరూ రండి.

చెప్పుకోండి చూద్దాం:
1. పక్ దేనితో చేస్తారు?
2. చెరువు పైన గడ్డకట్టినా అడుగున చేపలు ఎలా బతుకుతాయి?
3. మన జట్టు మొదటి గెలుపు ఏ దేశం మీద?