శ్రీశైలం కాలిబాట - కొంచెం శరీరశాస్త్రం

పొద్దున హైదరాబాదులో బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా శ్రీశైలం చేరవచ్చు. అలాంటప్పుడు అడవిలో పడి నడవడం ఎందుకని మిత్రులు అడగవచ్చు. నడిచినవాళ్లకు ఆ ప్రశ్న రాదు గనుక దాన్ని వదిలేసి, ఆ నడకలో మా ఒంటికి ఏం జరిగిందో మాత్రం రాస్తాను. వచ్చే శివరాత్రికి వెళ్లదలచినవారికి పనికొస్తుంది.

దారి ఇది. కర్నూలు మీదుగా ఆత్మకూరు, అక్కడి నుంచి వెంకటాపురం. ఆపైన నల్లమలలోకి కాలినడక. నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారం ఎక్కితే శ్రీశైలం వచ్చినట్టే. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. ఈ అడవి 1983 నుంచి పులుల అభయారణ్యం. అందుచేత శివరాత్రి, ఉగాది రోజుల్లో తప్ప ఈ బాటన ఇష్టం వచ్చినట్టు పోనివ్వరు.

మేం తొమ్మిదిమందిమి. సాధన కూడా చేశాం! నాంపల్లి నుంచి బయలుదేరి నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం మెట్లు రోజూ సాయంత్రం ఎక్కి దిగేవాళ్లం. ఆ గుట్ట ఎత్తు 280 అడుగులు, అంటే 85 మీటర్లు. చల్లపూట, సంచి లేకుండా, దిగగానే అబిడ్స్‌లో చాయ్. దానితో కొండలు జయించామనుకున్నాం. కాలం లెక్కకు 1892లో స్కాట్లండు మనిషి నైస్మిత్ చెప్పిన సూత్రం పట్టుకున్నాం: గంటకు 3 మైళ్లు, ఎక్కే ప్రతి 2000 అడుగులకూ ఇంకొక గంట. ఆయనది చలిదేశమన్న సంగతి మాకు తట్టలేదు.

మొదటి రోజు బాగానే గడిచింది. బలమైనవాళ్లు ముందు, మిగతావాళ్లు వెనక. రెండో రోజు మధ్యాహ్నం భీమునికొలను లోయలోకి దిగి, అవతలి గట్టు ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కాక చూస్తే చివరివాడు రాలేదు. వెనక్కి దిగి చూస్తే మెట్టు మీద కూలబడి ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తెల్లబోయి చూశాడు. సీసా చేతికిస్తే మూత తీయడం తెలియలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నేను నీళ్లు వాడి నోట్లో పోయబోతుంటే వెనక నుంచి వస్తున్న ఒక ముసలాయన గట్టిగా కేకేశాడు: "ఏమప్పా, నోట్లో కాదు, ముందు ఒంటిమీద పొయ్యండి!" తనే వాణ్ని నీడకు లాగించి, చొక్కా విప్పించి, తువ్వాలు తడిపి ఒళ్లంతా తుడుస్తూ ఇంకో తువ్వాలుతో విసరమన్నాడు. చాలాసేపటికి వాడు మా పేర్లు చెప్పాడు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని తర్వాత తెలిసింది.

తిరిగొచ్చాక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత శరీరశాస్త్ర పుస్తకం ఒకటి కొని లెక్క వేశాను. 60 కిలోల మనిషి 8 కిలోల సంచితో 300 మీటర్లు ఎక్కాడనుకుందాం. పని = 68 × 9.8 × 300, సుమారు 2 లక్షల జౌళ్లు. కండరం తాను ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతే పనిగా మారుస్తుంది. కనుక మొత్తం ఖర్చు 8 లక్షలు, అందులో 6 లక్షలు వేడి. ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి కిలోకు సుమారు 3500 జౌళ్లు కావాలి, అంటే 60 కిలోలకు 2.1 లక్షలు. ఆ వేడి బయటికి పోకపోతే ఒళ్లు 37 నుంచి దాదాపు 40 డిగ్రీలకు చేరుతుంది! వడదెబ్బ హద్దు అదే.

పోవడానికి దారి చెమట. ఒక గ్రాము ఆవిరైతే 2400 జౌళ్లు తీసుకుపోతుంది. ఆ లెక్కన పావు లీటరు చాలు. కాని అది ఆవిరి కావాలి, కారిపోతే లాభం లేదు. లోయలో గాలి ఆడదు. ముసలాయన విసరమన్నది అందుకే. ఆయన ఏ పుస్తకమూ చూసి చెప్పలేదు.

వాడే ఎందుకు పడ్డాడు? మాలో అందరికన్నా బలహీనుడేమీ కాదు. ముందు నడిచేవాళ్లు ఒకచోట పది నిమిషాలు కూర్చునేవాళ్లు. వాడు వచ్చి చేరేసరికి "పదండి" అని లేచేవాళ్లు. ఆ రెండు రోజుల్లో వాడికి విశ్రాంతి అన్నదే దొరకలేదన్నమాట. మా ఊళ్లో దుక్కికి జతకట్టినప్పుడు నీరసపు ఎద్దు నడకకే రెండోదాన్ని ఆపుతారు. అది చూస్తూ పెరిగినవాణ్ని, నేనూ ముందువాళ్లలోనే ఉన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

వాడు తేరుకున్నాక లీటరు నీళ్లలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర కలిపి కొంచెం కొంచెంగా తాగించాం. చెంచా అంటే చిన్నది, తలగొట్టి కొలవాలి. పేగుల్లో చక్కెర, ఉప్పు కలిసి లోపలికి పోతూ నీటిని వెంట లాక్కుపోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా వచ్చినప్పుడు బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణమే తాగించి ఎందరినో బతికించారు.

ఎండ వాలాక మళ్లీ కదిలాం. వాడి సంచి పంచుకుని, వాణ్ని అందరికన్నా ముందు పెట్టాం. వాడు ఆగినప్పుడే ఆగాం. కైలాసద్వారం దగ్గర మొదట కూర్చున్నది వాడే.