రాళ్ళకు నునుపు, రాతి మానుకు మెరుపు
సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైబ్రేటరీ టంబ్లర్ గురించే. గిన్నెలో రాళ్ళు, రాపిడి పొడి, కాసిని నీళ్ళు వేసి స్విచ్ వేస్తే అడుగునున్న మోటారు గిన్నెను అదరగొడుతుంది. రాళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ మెరుగుపడతాయి. పని ఇంత సులువుగా కనిపిస్తుంది కనుకనే చివర్లో నిరాశా ఎక్కువే. ఉత్తరాలన్నీ వరసగా చదివాక నాకు తోచింది ఒకటే: చాలామంది మెరుపు గురించే అడిగారు, దానికి ముందు దశల గురించి అడిగినవారు లేరు. మెరుపు పుట్టేది ఆ దశల్లోనే.

ప్రశ్న: గోదావరి తిన్నెల మీద ఏరిన ఎర్రవి, తేనెరంగువి గులకరాళ్ళు వైబ్రేటరీలో వారం రోజులు ఆడించాను. మెరుపు వచ్చింది కానీ గుంటలు, గీతలు అలాగే ఉండిపోయాయి. యంత్రంలో ఏమైనా లోపమా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: లోపం లేదు. మీరు ఆశించిన పని ఆ యంత్రం చేసేది కాదు. టంబ్లర్లలో రెండు రకాలున్నాయి. రోటరీలో పీపా గుండ్రంగా తిరుగుతుంది, రాళ్ళు పైకెక్కి జారుతూ ఒకదాన్నొకటి అరగదీస్తాయి. అందులో 60/90 నంబరు సిలికాన్ కార్బైడ్, అంటే కార్బొరండం పొడి వేసి వారం పది రోజులు తిప్పితే అంచులు గుండ్రమవుతాయి, గుంటలు తగ్గుతాయి. మొండి రాయికి ఇదే దశను కొత్త పొడితో మళ్ళీ మళ్ళీ నడపాలి. వైబ్రేటరీ తీరు వేరు. నిమిషానికి వేల సార్లు అదురుతుంది కానీ ఒక్కో అదురుకు రాయి కదిలేది పిసరంతే. అందువల్ల ఆకారం మారదు, బరువు పెద్దగా తగ్గదు. మెరుగుపెట్టే పని మాత్రం రోటరీ కంటే చాలా త్వరగా, చాలా నాణ్యంగా చేస్తుంది.

గుజరాత్‌లోని ఖంభాత్ పూసల పనివారు ఈ తేడాను తరతరాలుగా పాటిస్తున్నారు. అగేట్ రాయిని ముందు కొమ్ము సుత్తితో చెక్కి, సాన మీద అరగదీసి పూస ఆకారం తెచ్చేవారు. ఆ తర్వాతే పూసల్ని రాపిడి పొడితో కలిపి తోలుసంచిలో వేసి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవారు. సంచి ఇచ్చేది మెరుపును, ఆకారం అంతకుముందే వచ్చి ఉండాలి. మీ గిన్నె పనీ అంతే.

మీరు ఏరినవి చాలావరకు అగేట్, జాస్పర్ జాతివే అయి ఉంటాయి. మహారాష్ట్రలో, తెలంగాణ పశ్చిమ భాగంలో పరుచుకున్న నల్లరాతి లావా పొరల బుడగల్లో సిలికా పేరుకుని ఏర్పడిన రాళ్ళను గోదావరి తెచ్చి పోస్తుంది. మోస్ కొలమానంలో వీటి కాఠిన్యం 6.5 నుంచి 7 వరకు ఉంటుంది, పాలిష్‌కు ఇంతకంటే మంచి రాయి అక్కర్లేదు. నది ఇప్పటికే నున్నగా చేసిన వాటిని నేరుగా వైబ్రేటరీలో 220 పొడితో మొదలుపెట్టండి. గుంటలున్నవాటిని రోటరీకి పంపండి, లేదా వదిలేయండి.

ప్రశ్న: పాలిష్ దశ ఎన్ని రోజులు నడిపినా నా రాళ్ళు పొగ పట్టినట్టే ఉంటున్నాయి. తడిగా ఉన్నప్పుడు అద్భుతంగా ఉంటాయి, ఆరితే వెలవెలబోతాయి. ఖరీదైన సీరియం ఆక్సైడే వాడాను.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తడి రాయి అందరినీ మోసం చేస్తుంది. సన్నటి గీతల్ని నీరు నింపేసి నునుపుగా చూపిస్తుంది. అందుకే ప్రతి దశ చివరా రాయిని పూర్తిగా ఆరబెట్టి, దీపం కింద పది రెట్ల భూతద్దంతో చూడాలి. 500 నంబరు పొడి దశ తర్వాత గీతలు కనబడకూడదు. 1000 నంబరు దశ తర్వాత ఆరిన రాయి మీద దీపం ప్రతిబింబం మసకగానైనా కనిపించాలి. అది కనబడకపోతే పాలిష్ పొడి వేయకండి, ఎన్ని రోజులు వేసినా వృథా.

సుమారు లెక్క ఇది: 220 సిలికాన్ కార్బైడ్ మూడు నాలుగు రోజులు, 500 రెండు మూడు రోజులు, 1000 అల్యూమినియం ఆక్సైడ్ రెండు రోజులు, పాలిష్ పొడి ఒకటి రెండు రోజులు. రెండు కిలోల చిన్న గిన్నెకు దశకు ఒక టేబుల్ స్పూన్ పొడి చాలు. గిన్నె ఎనభై, తొంభై శాతం నిండాలి. రాళ్ళు తక్కువైతే ఖాళీని సిరామిక్ గుళికలతో నింపండి, లేకపోతే రాళ్ళు ఎగిరెగిరి కొట్టుకుని ముఖాల మీద అర్ధచంద్రాకారపు దెబ్బలు పడతాయి.

ఇక నీళ్ళు. నా అంచనాలో నూటికి ఎనభై ఫిర్యాదులు ఇక్కడివే. వైబ్రేటరీకి రోటరీలా నీళ్ళు పోయకూడదు. ఎక్కువైతే పొడి అడుక్కి దిగిపోయి రాళ్ళ మధ్య ఏమీ మిగలదు. తక్కువైతే బురద గట్టిపడి రాళ్ళు కదలవు. ప్రతి రాయి మీదా గోడకు వేసే ఎమల్షన్ పెయింటంత చిక్కని పూత ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు. అదురు వల్ల వేడి పుట్టి నీరు ఆవిరవుతుంది కనుక పొద్దునా సాయంత్రం మూత తీసి చూడండి, అవసరమైతే స్ప్రే సీసాతో నాలుగు చిలకరింపులు ఇవ్వండి. రాళ్ళు గిన్నెలో నెమ్మదిగా, ఆగకుండా చుట్టూ తిరుగుతుంటే నీరు సరిపోయినట్టే.

రెండో అనుమానం శుభ్రత. పాలిష్ గిన్నెలో 220 రేణువులు పిడికెడు అక్కర్లేదు, నాలుగుంటే చాలు, అన్ని రాళ్ళ మీదా గీతలు వేస్తాయి. ప్రతి దశ తర్వాత గిన్నె, మూత, గుళికలు కడగండి. ఆపైన రాళ్ళను అదే గిన్నెలో వెలిగారం (బొరాక్స్) గాని సబ్బు తురుము గాని కలిపిన నీళ్ళతో గంటసేపు ఆడించి మళ్ళీ కడగండి. పాలిష్ దశకు సిరామిక్ గుళికలు విడిగా పెట్టుకోండి. స్తోమత ఉంటే గిన్నె కూడా విడిగా కొనండి, ఆ ఖర్చు వృథా పోదు. సీరియం ఆక్సైడ్‌ది తప్పు కాదు. సిలికా రాయి మీద అది రాపిడితో పాటు కొంత రసాయనిక చర్య కూడా చేస్తుంది, అందుకే అద్దాల పాలిష్‌లోనూ దాన్నే వాడతారు. అయితే అంతకంటే చవకైన సన్నటి అల్యూమినియం ఆక్సైడ్‌తోనూ అగేట్ అద్దంలా మెరుస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి వస్తూ ఒక వైబ్రేటరీ టంబ్లర్ తెస్తానంటున్నాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దని చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 115కు తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఈ యంత్రాల్లో సాధారణంగా ఉండే ఇండక్షన్ మోటారు వేగం ఫ్రీక్వెన్సీని బట్టే నడుస్తుంది కనుక ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. రోటరీకి దానివల్ల పెద్ద నష్టం లేదు, పీపా కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. వైబ్రేటరీలో మాత్రం అదురు పుట్టేది ఇరుసుకు ఒక పక్కగా బిగించిన బరువు వల్ల. ఆ బలం వేగం వర్గంతో మారుతుంది. ఐదును ఐదుతో, ఆరును ఆరుతో గుణించి చూడండి: 36లో 25. దాదాపు మూడో వంతు బలం పోయినట్టే. రాళ్ళు గిన్నెలో తిరగకుండా ఒక్కచోటే వణుకుతూ కూర్చుంటాయి. పైగా తక్కువ ఫ్రీక్వెన్సీలో అదే వోల్టేజీ ఇస్తే మోటారు వేడెక్కుతుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉన్న యంత్రమే కొనండి. లోహపు విడిభాగాలను, నగలను మెరుగుపెట్టే వైబ్రో యంత్రాలు మన దేశంలోనే తయారవుతున్నాయి, లోపల పాలీయూరిథేన్ పూత ఉన్న చిన్న గిన్నె రాళ్ళకు పనికొస్తుంది.

ప్రశ్న: అరిజోనాలో రాయిగా మారిన చెట్టు ముక్కలు కొన్నాను. కొన్ని అద్దంలా వచ్చాయి, కొన్నింటి పగుళ్ళలో తెల్లటి పొడి ఇరుక్కుపోయింది, కొన్ని అసలు మెరవలేదు. ఒకే చెట్టు ముక్కలకు ఇంత తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఫీనిక్స్

జవాబు: మీ ఉత్తరం నాకు చాలా ఇష్టంగా అనిపించింది, ఎందుకంటే ఈ రాయిని చెట్టుగా కూడా చూడాలి. అక్కడి మానులు 20 కోట్ల ఏళ్ళ కంటే పాతవి. వరదల్లో కొట్టుకొచ్చి ఒండ్రులో పూడిపోయాయి. అగ్నిపర్వతాల బూడిదలోంచి కరిగిన సిలికా భూగర్భ జలంతో పాటు కణాల్లోకి చేరి పేరుకుంది. ఇనుము ఆక్సైడ్లు ఎరుపు, పసుపు ఇచ్చాయి. సిలికా అన్నిచోట్లా ఒకేలా నిండలేదు. మాను నడుమ భాగం గట్టి స్ఫటికం కావచ్చు, బెరడు పక్క గుల్లగా, పొడిపొడిగా మిగలవచ్చు. కొన్నిచోట్ల సిలికా స్ఫటికం కాక ఓపల్‌గా ఉండిపోతుంది, అది మెత్తన, అందులో నీరు కూడా ఉంటుంది. ఇంకొన్ని చెట్లలో సిలికాకు బదులు కాల్సైట్ చేరుతుంది.

కాబట్టి గిన్నెలో వేసేముందు ప్రతి ముక్కనూ పరీక్షించండి. స్టీలు చాకు కొనతో గీయండి. గీత పడితే అది మిగతా ముక్కలతో కలిపి వేయడానికి పనికిరాదు. ఒక చుక్క వెనిగర్ వేస్తే నురగ వచ్చిందా, కాల్సైట్ ఉన్నట్టు. నీళ్ళలో ముంచి తీయండి. పైభాగం ఆరినా పగుళ్ళ వెంట తడి గీతలుగా నిలిచి ఉంటే ఆ పగుళ్ళు పొడిని తాగుతాయి. అలాంటి ముక్కను రంపంతో పగులు వెంట కోయించండి, లేదా మెరుగు పెట్టకుండా అలాగే దాచుకోండి. పగుళ్ళలో చేరిన తెల్లపొడిని దంతాల బ్రష్‌తోనో, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టిలోనో కొంత తీయవచ్చు, అంతా రాదు.

ఆకారం పోకూడని వస్తువుకు వైబ్రేటరీని మించింది లేదు. వార్షిక వలయాలు, బెరడు వంపు, పురుగు తొలిచిన రంధ్రం రోటరీలో అరిగిపోతాయి, ఇక్కడ నిలుస్తాయి. కోసిన పలకలైతే వాటి మధ్య తప్పకుండా సిరామిక్ గుళికలు వేయండి. పలక పలకకు అతుక్కుంటే మధ్యలోకి పొడి పోదు.

కొన్నచోటు కూడా అడిగి తెలుసుకోండి. అరిజోనాలో అమ్మేవి ప్రైవేటు భూముల్లోంచి తీసినవి అయి ఉండాలి. పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో గోటంత ముక్క తీయడమూ నేరమే. ఆ ప్రాంతాన్ని 1906లో రక్షిత స్మారక స్థలంగా, 1962లో జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడ రాళ్ళు తీసుకెళ్ళి, తర్వాత మనసొప్పక క్షమాపణ ఉత్తరంతో తిరిగి పంపేవారు చాలామంది. ఏ చోట నుంచి తీశారో తెలియదు కనుక ఆ రాళ్ళను తిరిగి పొరల్లో పెట్టలేరు. పార్కువాళ్ళు ఒక పక్కన కుప్ప పోస్తారు. మీరే ఏరుకోవాలంటే ఫెడరల్ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో సొంతానికి రోజుకు 25 పౌండ్లు, దాని మీద ఒక ముక్క, ఏడాదికి మొత్తం 250 పౌండ్లు మించకుండా ఉచితంగా తీసుకోవచ్చు. అమ్మకూడదు. కొన్నిచోట్ల నిషేధం ఉంటుంది, ముందు స్థానిక కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: పలుగురాయి, పాలరాయి ముక్కలు కలిపి వేయొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేయకూడదు. పలుగురాయి కాఠిన్యం 7, పాలరాయిది 3. పలుగురాయికి నునుపు వచ్చేలోపు పాలరాయి అరిగి బురదవుతుంది. ఒకే గిన్నెలో వేసే రాళ్ళ కాఠిన్యం తేడా ఒక అంకె లోపే ఉండాలి.

ప్రశ్న: బురద సింకులో పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎప్పుడూ పోయకండి. గొట్టంలో పేరుకుని సిమెంటులా బిగిసిపోతుంది. బకెట్‌లో పోసి, అడుక్కి దిగాక పై తేట మట్టిలో వంపి, గసిని సంచిలో కట్టి చెత్తలో వేయండి. గసి ఎండిపోయాక ఊడ్వకండి, దులపకండి. అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం, సిలికోసిస్‌కు కారణం అదే. ఎప్పుడూ తడిగానే ఎత్తండి. పొడి కొలిచేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

ప్రశ్న: మా దగ్గర వాగులో చెక్క చారలున్న మూరెడు రాయి దొరికింది. ముక్కలు చేసి మెరుగు పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పెట్టకండి. మీరుండేది ప్రాణహిత–గోదావరి లోయ. ఇక్కడి కోటా శిలల్లో జురాసిక్ కాలపు చెట్ల శిలాజాలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలూ ఈ శిలల్లోవే. మార్కెట్లో కొన్న అగేట్‌ను ముక్కలు చేస్తే పోయేదేమీ లేదు. ఏ పొరలో, ఏ చోట దొరికిందో తెలిసిన శిలాజాన్ని ముక్కలు చేస్తే మాత్రం దానితో పాటు పోయే సమాచారం మరి దొరకదు. తమిళనాడులో పుదుచ్చేరి దగ్గరి తిరువక్కరై రాతి మానుల గురించి ఫ్రెంచి యాత్రికుడు సొనెరా 1781లోనే రాశాడు. వాటిని ఉన్నచోటే ఉంచి కాపాడినందువల్లే ఈనాడు మన పిల్లలు అక్కడికెళ్ళి పెద్ద పెద్ద మానులను చూడగలుగుతున్నారు.

రాయిని కదపకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, చోటును ఫోనులో గుర్తించుకోండి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. ఆ ఫొటోలు జతచేసి వారికి ఉత్తరం రాయండి.