మతముల పేర నడచిన బొంబాయి క్రికెట్టు పోటీ

మన కరీంనగరమందును అదిలాబాదునందును బాలురు ఆటకు జట్టులు కట్టునపుడు పాఠశాల పేరో, ఊరి పేరో పెట్టుకొందురు. మతమునుబట్టి జట్టు కట్టవలెనని యెవరికిని తోఁచదు. అయినను మన దేశమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన క్రికెట్టు పోటీ యొకటి అట్లే చిరకాలము నడచెను. దాని కథను మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

1892 లో బొంబాయియందు ఐరోపావారికిని పారశీకులకును పందెము మొదలయ్యెను. 1907 లో హిందువులును, 1912 లో మహమ్మదీయులును చేరిరి. నాగపూరులో తెలుగు కుటుంబమున జన్మించిన సి. కె. నాయుడుగారు 1916 లో హిందువుల పక్షమున ప్రథమముగా ఆడి, మొదటి మూఁడు బంతులను నిలిపి, నాలుగవదానిని సిక్సరు కొట్టిరి. భారత టెస్టు జట్టునకు తొలి నాయకులు వీరే.

మతమొకటే యైనంతమాత్రమున ఆ జట్టులో అందఱును సమానులు కారు. పాల్వంకర్ బాలూ గొప్ప బౌలరయ్యును, చర్మకార కులమునఁ బుట్టినవాఁడగుటచే నాయకత్వమునకు నోఁచుకొనలేదు. 1923 లో అది ఆతని తమ్ముఁడు విఠలునకు లభించెను.

దేశీయ క్రైస్తవుల సంగతి యేమి? వారికి 1937 వఱకు చోటే లేదు. ఆ యేఁట యూదులు మొదలగువారితోఁ గలిపి వారి కొక జట్టేర్పడెను. దానికిఁ బెట్టిన పేరు ‘తక్కినవారు’! పుట్టిన దేశముననే తక్కినవారగుట యెంత చిత్రము!

ఈ జట్టువాఁడే క్రైస్తవుఁడైన విజయ్ హజారే. 1943 తుదిపోటీలో హిందువులు 5 వికెట్లకు 581 పరుగులు చేసిరి, మర్చంటువి 250. తక్కినవారు 133 కే కూలి, మరల బ్యాటు పట్టిరి. జట్టు చేసిన 387 లో హజారే యొక్కనివే 309! సోదరుఁడు వివేక్‌తోఁ గలసి 300 పరుగులు జోడింపఁగా, అందు వివేక్‌వి 21 మాత్రమే. అయినను ఇన్నింగ్సు మీఁద 61 పరుగులతో ఓటమి తప్పలేదు.

1934 లో ఆరంభమైన రంజీ పోటీలో జట్టులు ప్రాంతములఁబట్టి యేర్పడెను. మన జిల్లాలు నాఁడు చేరియున్న హైదరాబాదు సంస్థానపు జట్టు 1937-38 లో దానిని గెలిచెను. తుదిపోటీలో అజేయముగా 137 పరుగులు చేసి గట్టెక్కించినవాఁడు పారశీకుఁడైన ఐబారా. మతజట్టులు తగవని 1940 లో గాంధీమహాత్ముఁడును పలికెను. 1945-46 తరువాత బొంబాయి పోటీ మరి జరుగలేదు.

1952 ఫిబ్రవరిలో మద్రాసున భారతదేశము తొలి టెస్టు విజయము నందినపుడు జట్టు నాయకుఁడు, ఆ ‘తక్కినవారి’ హజారేయే.